మెట్టు ఎత్తు ఎవరు కొలవాలి?

మహబూబాబాద్ ప్రభుత్వ ఆసుపత్రిలో వికలత్వ నిర్ధారణ శిబిరం జరిగే రోజు వైద్యులు కొలవనిదంటూ ఉండదు. మోకీలు ఎంతవరకు వంగుతోంది, కండరంలో సత్తువ ఎంత మిగిలింది, రెండు కాళ్ల పొడవులో తేడా ఎంత, చెవి ఎన్ని డెసిబెల్స్ దగ్గర శబ్దాన్ని పట్టుకుంటోంది, కన్ను బోర్డు మీద ఎన్నో వరుస దాకా చదువుతోంది? కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో వీటన్నిటికీ సూత్రాలున్నాయి. వాటి ప్రకారం లెక్కగట్టి ఒక శాతం తేలుస్తారు. 40 శాతం లోపయితే తెల్ల కార్డు, ఆపైన 80 లోపయితే పసుపు, 80 దాటితే నీలం. యూడీఐడీ అనే ఈ గుర్తింపు కార్డు రంగు చూడగానే మనిషి దేహస్థితి తెలిసిపోతుంది.

మరిపెడ మండలంలోని ఏదో ఒక తండా నుంచి ఆ శిబిరానికి వచ్చిన మనిషిని ఒక్క మాట మాత్రం ఎవరూ అడగరు: ఇక్కడిదాకా ఎట్లా వచ్చినవు?

అడిగితే కథ చాలా ఉంటుంది. తండా నుంచి మరిపెడకు ఆటో, మరిపెడ నుంచి జిల్లా కేంద్రానికి ముప్పై కిలోమీటర్లకు పైన బస్సు. పల్లెవెలుగు మొదటి మెట్టు దాదాపు మోకాలి ఎత్తున ఉంటుంది. చంకకర్రలతో నడిచేవాళ్లు కర్రలు ముందు లోపలికి అందించి, కడ్డీ పట్టుకుని, ఎవరైనా వెనక నుంచి ఎత్తితే తప్ప లోపలికి పోలేరు. దారి ఇంత ఉన్నా సర్టిఫికెట్ మీద 60 అని రాశారనుకోండి, ఆ అరవైలో బస్సు మెట్టు వాటా ఎంతో తేల్చే గడి ఆ ఫారంలో లేదు.

ఈ లోటును ప్రపంచం చాలా కాలం కిందటే గుర్తించింది. ప్రపంచ ఆరోగ్య సభ 2001 మే నెలలో ఐసీఎఫ్ అనే వర్గీకరణను ఆమోదించింది. వికలత్వమంటే కేవలం శరీరంలోని లోపం కాదని, ఆ లోపమున్న మనిషికీ చుట్టూ ఉన్న పరిసరాలకూ మధ్య జరిగే పెనుగులాట అని అది చెప్పింది. పరిసరాలను అయిదు అధ్యాయాలుగా విడదీసింది: వాడే వస్తువులూ సాంకేతిక సాధనాలూ, ప్రకృతీ దానికి మనిషి చేసిన మార్పులూ, తోడుగా నిలిచే మనుషులు, వైఖరులు, సేవలూ వ్యవస్థలూ విధానాలూ. ఒక్కొక్కటి ఎంత అడ్డుగా ఉందో సున్నా నుంచి నాలుగు దాకా గుర్తు వేయవచ్చు. ఎంత ఆసరాగా ఉందో కూడా అదే కొలతతో వేయవచ్చు. మన దేశం 2016లో చేసిన వికలాంగుల హక్కుల చట్టం నిర్వచనంలో ఈ ఆలోచన కనిపిస్తుంది. అడ్డంకులతో కలిసినప్పుడే లోపం సమాజంలో సమాన భాగస్వామ్యాన్ని ఆటంకపరుస్తుందని ఆ నిర్వచనం సారం. నిర్వచనం మారింది గానీ ఆసుపత్రిలోని ఫారం మారలేదు. ఉన్నంతలో మానసిక రుగ్మతలకు వాడే ‘ఐడియాస్’ కొలత ఒక్కటే కొంచెం నయం. తన పని తాను చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట్లాడటం, ఉద్యోగం లేదా ఇంటిపని వంటివి అది అడుగుతుంది. అయితే అడ్డు ఎక్కడి నుంచి వస్తోందన్నది అదీ అడగదు.

అడిగే కొలతలు వేరే చోట ఉన్నాయి. వెన్నుపాము, మెదడు గాయాల చికిత్సకు పేరున్న ఆసుపత్రి అమెరికాలోని కొలరాడోలో ఉంది, పేరు క్రేగ్. అక్కడి పరిశోధకులు గేల్ వైట్‌నెక్ నాయకత్వంలో పాతిక ప్రశ్నల పట్టిక ఒకటి తయారుచేశారు. దాని పద్ధతి చాలా సులువు. రవాణా, ఇంటి కట్టడం, వాతావరణం, సమాచారం, ఇంట్లోవాళ్ల వైఖరి, ప్రభుత్వ విధానం వంటివి గత పన్నెండు నెలల్లో ఎంత తరచుగా అడ్డు తగిలాయని అడుగుతారు. రోజూ అంటే 4, వారానికోసారి అంటే 3, నెలకోసారి 2, అంతకంటే అరుదైతే 1, ఎప్పుడూ లేదంటే 0. ఆ తర్వాత అది చిన్న ఇబ్బందా, పెద్దదా అని అడుగుతారు. చిన్నదైతే 1, పెద్దదైతే 2. రెండిటినీ గుణిస్తారు.

ఈ గుణకారంలో ఒక రాజకీయ పాఠం ఉంది. ఇంటి ముందు ఎత్తు గడప రోజూ పెట్టే చిన్న ఇబ్బందికి నాలుగు మార్కులు పడతాయి. ఏడాదికొకటి రెండుసార్లు వెళ్లే కలెక్టరేట్‌లో ఎదురయ్యే పెద్ద ఇబ్బందికి రెండే పడతాయి. మన ప్రాధాన్యాలు దీనికి సరిగ్గా తలకిందులు. 2015 డిసెంబరు 3న మొదలైన సుగమ్య భారత్ కార్యక్రమం లక్ష్యాలు చూడండి: ఎంపిక చేసిన నగరాల్లో ప్రభుత్వ భవనాలు, విమానాశ్రయాలు, పెద్ద రైల్వే స్టేషన్లు. మరిపెడకు రైలే లేదు. 563వ జాతీయ రహదారి మీద వరంగల్, ఖమ్మం మధ్య బస్సులే దానికి దిక్కు. 2018లో మున్సిపాలిటీ అయిన ఈ ఊరి చుట్టూ ఉన్నవి ఎక్కువగా లంబాడా తండాలు, మిర్చి, పత్తి చేలు. విమానాశ్రయంలోని ర్యాంపు ఈ మండలంలో ఎవరి గడపనూ తగ్గించదు.

క్రేగ్ పట్టికను ఇక్కడికి తెచ్చి అడగడం మొదలుపెడితే మాత్రం మొదటి గంటలోనే ఒక చిక్కు వస్తుంది. పోలియోతో కాలు చచ్చుబడిన నలభై అయిదేళ్ల మనిషిని ఊహించుకుందాం. దేశంలో చివరి పోలియో కేసు నమోదైంది 2011 జనవరిలో. అంటే ఈ లోపంతో ఉన్నవాళ్లలో అత్యధికులు ఇప్పుడు నడివయసులోనో దానికి అటూ ఇటూనో ఉన్నారు. బస్సు ఎక్కడంలో ఎంత తరచుగా ఇబ్బంది వచ్చిందని అడిగితే ఆయన ‘ఏం లేదు’ అంటాడు. ఎందుకంటే ఆయన బస్సెక్కడం మానేసి పదేళ్లయింది. సంతకు పోడు, పెళ్లికి పోడు. సినిమా హాలు మెట్లెక్కి ఎన్నాళ్లయిందో ఆయనకే గుర్తులేదు. పట్టికలో ఆయనకు రవాణా దగ్గర సున్నా పడుతుంది. వారానికి మూడుసార్లు మరిపెడకు వచ్చి కర్రలతో బస్సుతో కుస్తీపట్టే మరో మనిషికి ఆరు పడుతుంది. లెక్క ప్రకారం ఇంట్లో కూర్చున్నాయన పరిసరాలే హాయిగా ఉన్నట్టు.

కాబట్టి అడ్డంకిని లెక్కించే ముందు ఆ మనిషి ఏయే పనులు మానుకున్నాడో అడగాలి. ఇది విదేశీ కొలతను తిరస్కరించడం కాదు, మన నేలకు సరిచేసుకోవడం. ఐసీఎఫ్ కూడా పరిసరాలతోపాటు పాల్గొనడాన్ని విడిగా నమోదు చేయమంటుంది. గత నెలలో ఊరి బయటికి ఎన్నిసార్లు వెళ్లారు, గ్రామసభలో కూర్చున్నారా, దగ్గరి బంధువు పెళ్లికి వెళ్లారా, వెళ్లకపోతే ఎందుకు అనే నాలుగు ప్రశ్నలు పక్కన చేరితే సున్నా అసలు రంగు బయటపడుతుంది.

బస్సు సంగతే ఇంకొంచెం చూద్దాం. తెలంగాణలో 40 శాతం దాటిన వికలాంగులకు ఆర్టీసీలో సగం చార్జీ రాయితీ పాతదే. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం వచ్చాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలందరికీ ప్రయాణం ఉచితమైంది. వికలాంగ మహిళకు టికెట్ సున్నా, వికలాంగ పురుషుడికి సగం. మెట్టు ఎత్తు మాత్రం ఇద్దరికీ అదే. పైగా రద్దీ పెరిగి, రిజర్వు చేసిన సీటు దాకా చేరడమే గగనమైంది. చార్జీ తగ్గించడం ఒక్క జీవోతో అయిపోతుంది. బస్సు నేల తగ్గించాలంటే బాడీ కట్టే దగ్గర మార్పు రావాలి, బస్టాండులో ప్లాట్‌ఫాం ఎత్తు దానికి కలవాలి, డ్రైవరు బస్సును అంచుకు ఆనించి ఆపాలి. రెండోది కష్టం, అందుకే మొదటిదే వార్త అవుతుంది.

పింఛను చుట్టూ రాజకీయం కూడా ఇట్లాగే నడిచింది. ఆసరా 2014 నవంబరులో మొదలైనప్పుడు వికలాంగులకు నెలకు 1,500 రూపాయలు. 2019లో 3,016, 2023లో 4,016 అయింది. కాంగ్రెస్ చేయూత పేరుతో 6,000 ఇస్తామంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి 6,000 ఇస్తున్నారు. మంద కృష్ణ మాదిగ నాయకత్వంలోని వికలాంగుల హక్కుల పోరాట సమితి ఆ హామీ కోసమే రోడ్డెక్కింది. ఆ డిమాండు న్యాయమైనదే. నెలనెలా చేతికొచ్చే డబ్బు ఇంట్లో మనిషి స్థానాన్నే మార్చేసింది. భారమనుకున్నవాడి సలహా కోసం ఎదురుచూసే ఇళ్లు ఈ పదేళ్లలో పెరిగాయి. ఐసీఎఫ్ భాషలో చెప్పాలంటే విధానం వైఖరిని మార్చింది. అయితే పింఛను ఎంత పెరిగినా మరుగుదొడ్డిలో కూర్చునే తీరు మారదు. మోకాలు వంగనివాడికి ప్రభుత్వం 12,000 రూపాయల సాయంతో కట్టించింది గొంతుక్కూర్చునే దొడ్డినే. వికలాంగులకు ఇంటి మరుగుదొడ్డి ఎట్లా కట్టాలో చెప్పే చేతిపుస్తకాన్ని కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖే 2015లో అచ్చువేసింది. కడ్డీ ఎక్కడ బిగించాలో, తలుపు ఎంత వెడల్పు ఉండాలో అందులో బొమ్మలతో సహా ఉంది. తండాల్లో మేస్త్రీల చేతికి అది చేరిన దాఖలాలు కనబడవు.

అన్నీ అడ్డంకులే అనుకుంటే అది కూడా పొరపాటు లెక్క. 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత తండాలు గ్రామ పంచాయతీలయ్యాయి. అంతకుముందు కిలోమీటర్ల దూరంలోని ఊళ్లో ఉన్న పంచాయతీ ఆఫీసు తండాలోకి వచ్చింది. దీన్ని వికలాంగుల పథకమని ఎవరూ అనలేదు గానీ, నడవలేని మనిషికి గ్రామసభ మొదటిసారి దగ్గరైంది. ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి హామీ కింద వికలాంగులకు ప్రత్యేకంగా శ్రమశక్తి సంఘాలు పెట్టడం ఇంకో మంచి అడుగు. నలుగురితో కలిసి పనికి పోవడమే అక్కడ అసలు లాభం. మిర్చి కాలంలో కల్లం దగ్గర తాలు ఏరే పని కూడా అట్లాంటిదే. కూర్చుని చేసే పని కాబట్టి కాలు బాగాలేనివాళ్లు కూడా అందులో కలుస్తారు. ఏ శిబిరంలో ఇచ్చిన శాతమూ ఆ కాలంలో మారదు, మారేది పని స్వభావం. 2018 నాటి జాతీయ నమూనా సర్వే తేల్చింది పదిహేనేళ్లు దాటిన వికలాంగుల్లో శ్రామిక భాగస్వామ్యం 23.8 శాతమని. మిగతావాళ్లందరి శరీరాలూ పనికి పనికిరానివి కావు, పనులు వాళ్లను కలుపుకునేలా లేవు. అదే సర్వేలో వికలత్వ సర్టిఫికెట్ ఉన్నవాళ్లు 28.8 శాతమే. శిబిరంలో కొలతకు అందినవాళ్లే అంత తక్కువ. ఇక కొలవని పరిసరాల మాట చెప్పేదేముంది?

బడి దగ్గర చిక్కు వేరు. వినికిడి లోపమున్న తండా పిల్లకు ఇంట్లో గోర్‌బోలి, బయట తెలుగు, పాఠ్యపుస్తకంలో 2022–23 నుంచి ఇంగ్లీషు. పెదవుల కదలిక చూసి మాట పట్టుకోవాల్సిన పిల్ల మూడు భాషల పెదవులు నేర్చుకోవాలి. సైగల భాష నేర్పేవాళ్లు దగ్గర్లో లేకపోతే ఆ పిల్లకు చెవి కంటే బడే పెద్ద లోపం. మండల కేంద్రాల్లోని భవిత కేంద్రాలు ఈ పిల్లల కోసమే పెట్టినవి. అక్కడ ప్రత్యేక ఉపాధ్యాయులుంటారు, ఫిజియోథెరపీ శిబిరాలు జరుగుతాయి, రాకపోకలకు భత్యం ఇస్తారు. పిల్ల అక్కడికి వచ్చిన రోజు మేలు జరుగుతుంది. కానీ తల్లి కూలి మానుకుంటేనే పిల్ల వస్తుంది. 2022లో మొదలైన ‘మన ఊరు–మన బడి’లో రంగుల నుంచి డిజిటల్ బోర్డుల దాకా పన్నెండు రకాల పనులు ఉండేవి. ర్యాంపుకు ఆ పన్నెండులో విడిగా చోటు దొరకలేదు.

వాతావరణం గురించి క్రేగ్ పట్టికలో ఒకే ప్రశ్న ఉంది. మరిపెడలో దానికి 2024 జవాబు చెప్పింది. ఆగస్టు 31 రాత్రి కురిసిన కుండపోతకు ఆకేరు ఉప్పొంగి సెప్టెంబరు 1 తెల్లవారేసరికి సీతారాం తండాను ముంచింది. జనం డాబాల మీదికి ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. 3వ తేదీన ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి మహబూబాబాద్ జిల్లాకు వచ్చి చూశారు. కొట్టుకుపోయిన రోడ్లు, వంతెనలు, తెగిన రైలు కట్టల లెక్కలు బయటికొచ్చాయి.

డాబా ఎక్కగలగడం మీద ప్రాణం ఆధారపడిన రాత్రి అది. నిచ్చెన ఎక్కలేనివాళ్లను ఎవరో భుజాన వేసుకుని ఎక్కించాలి. మైకులో చెప్పే హెచ్చరిక చెవిటివాళ్లకు చేరదు, ఫోనుకు వచ్చే సందేశం చూపులేనివాళ్లకు వేరొకరు చదివి వినిపించాలి, కరెంటు పోయాక బ్యాటరీ సైకిలు కదలదు. ఇదంతా ముందే తెలిసిన సంగతి. 2011 సునామీలో జపాన్ తీర ప్రాంతాల్లో వికలాంగుల మరణాల రేటు మిగతా జనం కంటే దాదాపు రెట్టింపని తేలాక ఆ దేశం 2013లో చట్టం సవరించింది. ఎవరికి సాయం కావాలో స్థానిక సంస్థలు జాబితా రాసి పెట్టుకోవాల్సిందేనంది. 2021లో ఇంకో అడుగు వేసి, ఎవరిని ఎవరు ఏ దారిన తీసుకెళ్లాలో మనిషి మనిషికీ ప్రణాళిక రాయమంది. మన 2016 చట్టం ఎనిమిదో సెక్షన్ కూడా జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ వికలాంగుల వివరాలు నమోదు చేసి ఉంచాలని, ప్రమాదం వస్తుంటే వాళ్లకు తెలియజేయాలని చెబుతోంది. ఆ జాబితా కోసం కొత్త సర్వే అక్కర్లేదు. పింఛను జాబితా ఊరూరికీ, పేరుపేరునా ఉంది. ఆకేరు ఒడ్డున ఉన్న ఆవాసాల పేర్లు ఇప్పుడు అందరికీ తెలుసు. ఎవరి ఇల్లు పల్లంలో ఉంది, ఎవరి ఇంటికి డాబా లేదు, రాత్రిపూట ఎవరు వచ్చి ఎత్తుకెళ్తారు అనే మూడు గడులు ఆ పేర్ల పక్కన చేర్చాలి.

వ్యవస్థ తలుచుకుంటే పరిసరాలు ఎట్లా మారతాయో చూడాలంటే ఎన్నికలే సాక్ష్యం. 2023 నవంబరు 30న జరిగిన శాసనసభ ఎన్నికల్లో తెలంగాణలో మొదటిసారి 80 ఏళ్లు దాటినవాళ్లకూ 40 శాతం దాటిన వికలాంగులకూ ఇంటి నుంచే ఓటేసే వీలు కల్పించారు. అధికారులు, వీడియో తీసేవాళ్లు, పోలీసు కలిసి ఇంటి గుమ్మానికి వచ్చి ఓటు పట్టుకెళ్లారు. పోలింగు కేంద్రాల్లో చక్రాల కుర్చీలు వెలిశాయి. ఇంత చేయగల యంత్రాంగం వేలిముద్ర పడని పింఛనుదారు కోసం ఏళ్ల తరబడి ఏం చేసింది? కుష్ఠు నయమైనా వేళ్లు పోయినవాళ్లు, కూలిపనితో గీతలు అరిగిపోయినవాళ్లు యంత్రం ముందు తాము తామేనని నిరూపించుకోలేక తిరిగారు. 2025లో పింఛన్లకు ముఖ గుర్తింపు వచ్చింది. ఆలస్యమైనా, శరీరాన్ని వదిలి యంత్రాన్ని సరిచేసిన మార్పు అది.

2016 చట్టం గడువులు చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుపడాలి. 45వ సెక్షన్ ప్రకారం, అప్పటికే ఉన్న ప్రజోపయోగ భవనాలన్నీ నిబంధనలు వెలువడిన అయిదేళ్లలో అందరికీ అందుబాటులోకి రావాలి. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి, గడువు 2022 జూన్‌లో తీరిపోయింది. రాజీవ్ రతూరీ కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న ఇచ్చిన తీర్పు ఇంకో కిటుకు బయటపెట్టింది. ఆ నిబంధనల్లోని 15వది మార్గదర్శకాల కట్ట మాత్రమేనని, పాటించి తీరాల్సిన కనీస ప్రమాణం అందులో లేదని, అది చట్టం స్ఫూర్తికే విరుద్ధమని కోర్టు తేల్చింది. తప్పనిసరి ప్రమాణాలు మూడు నెలల్లో రాయమంది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక తయారైంది హైదరాబాద్‌లోనే, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వికలాంగుల అధ్యయన కేంద్రంలో.

ప్రమాణాలు ఢిల్లీ నుంచి వచ్చేలోపు మరిపెడలో చేయగలిగిన పని ఒకటి కళ్లముందే ఉంది. ఇందిరమ్మ ఇళ్లకు 5 లక్షల సాయంలో తొలి లక్ష బేస్‌మెంట్ పూర్తయ్యాక ఇస్తారు. బేస్‌మెంట్ చూడటానికి, ఫొటో తీసి యాప్‌లో ఎక్కించడానికి అధికారి ఎట్లాగూ వస్తారు. ఒకటికి పన్నెండు వాలు ప్రకారం, 45 సెంటీమీటర్ల ఎత్తున్న బేస్‌మెంట్‌కు ర్యాంపు 5.4 మీటర్లు పొడవు ఉండాలి. గోడలు లేచాక, ప్రహరీ కట్టాక అంత చోటు మిగలదు. బేస్‌మెంట్ ఎత్తు అరడుగు తగ్గిస్తే ర్యాంపు దాదాపు మూడున్నర మీటర్లకు వస్తుంది. కానీ ఆకేరు పక్కన ఎత్తు తగ్గించడం ప్రమాదం కాబట్టి అక్కడ చోటే ఎక్కువ వదలాలి. తలుపు 90 సెంటీమీటర్లు వదిలితే చక్రాల కుర్చీ పడుతుంది, దానికి అదనపు ఖర్చు పెద్దగా ఉండదు. వికలాంగులున్న ఇళ్లు ఏవో పింఛను జాబితా చెబుతుంది, ఇల్లు మంజూరైనవాళ్ల జాబితా వేరే ఉంది. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఏ ఇంటి ముందు ఆ అయిదున్నర మీటర్లు వదలాలో ముగ్గు పోసే రోజే తేలిపోతుంది.